అజ్ఞాతవాసం ఎవరి నుంచి?



మా చెల్లెలి కూతురు హైదరాబాదులో, మాదాపూర్ వైపు, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. ఆ మధ్య ఒక ఆదివారం మా ఇంటికొచ్చింది. భోజనాలయ్యాక నన్ను మెల్లగా వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది: "మామయ్యా, ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలీదు కదా?"

"ఎవరికీ అంటే ఎవరికి తల్లీ?" అన్నాను.

"అబ్బ, ఎవరికీనే!" అంది.

కాసేపు నసిగి అసలు సంగతి చెప్పింది. ఆఫీసువాళ్ళు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో, ఆఫీసు వేళల్లోనే, వేరే ఉద్యోగాలు వెతుకుతోందట. రోజూ ఆ ఇన్‌కాగ్నిటో అనే నల్ల కిటికీ తెరిచే వెతుకుతోంది కాబట్టి ధీమాగా ఉంది. ఆ ధీమా ఎక్కడో కొంచెం సడలబట్టే నన్ను అడిగింది కూడా.

నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అయినా ఆ పిల్లకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. తెలుస్తుందంటే సగం అబద్ధం, తెలీదంటే ఇంకో సగం అబద్ధం. ఆ సగాల లెక్క ఇవాళ మీ దగ్గర తేల్చుకుందామని వచ్చాను.

రేడియోలో బొమ్మ చూపించలేను గనక మాటల్లో చెబుతాను. ఫోన్‌లో క్రోమ్ తెరిచి, పైన మూల ఉన్న మూడు చుక్కలు నొక్కితే ఒక పట్టీ దిగుతుంది. ఫోను తెలుగులో ఉంటే అందులో "కొత్త అజ్ఞాత ట్యాబ్" అని ఉంటుంది. అది నొక్కగానే తెరంతా నల్లబడి ఒక టోపీ, ఒక కళ్ళజోడు ప్రత్యక్షమవుతాయి. పాత డిటెక్టివ్ నవలల అట్టల మీద మొహం చూపించకుండా నిలబడే మనిషి గుర్తున్నాడా? అచ్చం ఆయనే. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే సదుపాయానికి ముఖానికి కట్టుకునే ముసుగు బొమ్మ పెట్టారు. ఆపిల్ ఫోన్లలో సఫారీ దీన్ని ప్రైవేట్ అంటుంది. అసలు మొదలుపెట్టింది కూడా సఫారీయే, 2005లో. క్రోమ్ 2008లో పుడుతూనే దీన్ని వెంట తెచ్చుకుంది. ఆ మరుసటి ఏడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరూ, ఫైర్‌ఫాక్సూ వచ్చి చేరాయి.

పెళ్ళాం పుట్టినరోజుకి ఏదైనా కొనాలనుకోండి, ఆవిడ చూడకుండా వెతుక్కోవచ్చు! కంపెనీలు మొదట్లో చెప్పుకున్న ఉపయోగం ఇలాంటిదే. జనం ఇంకెందుకు వాడతారో నేను చెప్పక్కర్లేదు, మీరూ అడగక్కర్లేదు. కాని ఆ ఒక్క పనితో ముడిపెట్టి, ఇది చాటుమాటు మనుషుల వ్యవహారమని చప్పరించేయడం నాకు నచ్చదు. ఎందుకు నచ్చదో కాసేపట్లో చెబుతాను.

ముందు ఇది చేసే పని ఏమిటో చూద్దాం. దానికి కుకీ సంగతి తెలియాలి. వెబ్‌సైటుకి పుట్టుకతోనే మతిమరుపు. మీరు ఒక పేజీ చూసి రెండో పేజీకి వెళ్ళేసరికి, మొదటి పేజీ చూసింది మీరేనని దానికి గుర్తుండదు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లీ అనే ఇంజనీరు దీనికి ఒక ఉపాయం పన్నాడు. సైటు ఒక చిన్న చీటీ మీద ఏదో నంబరు రాసి మీ బ్రౌజరు చేతికిస్తుంది. మీరు మళ్ళీ వెళ్ళినప్పుడు బ్రౌజరు ఆ చీటీ చూపిస్తుంది. ఓహో, ఇందాకటి మనిషే, అని సైటు గుర్తుపడుతుంది. ఆ చీటీయే కుకీ.

నా వయసువాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే, సినిమా హాలు దగ్గర సైకిల్ స్టాండు టోకెను. టోకెన్‌లో సగం మన చేతిలో పెట్టేవాడు, సగం సైకిలు హ్యాండిల్‌కి తగిలించేవాడు. రెండు సగాలూ కలిస్తేనే సైకిలు మనది. ఇప్పుడు సినిమా అయ్యాక సైకిలు తీసుకుని, దారిలో మన సగం చింపి పారేశామనుకోండి. ఇంటికొచ్చాక జేబులు వెతికిన అమ్మకి మనం సినిమాకి వెళ్ళినట్టు ఆనవాలు దొరకదు. స్టాండువాడి దగ్గర రెండో సగం మాత్రం ఉంటుంది. వాడి పుస్తకంలో నంబరు ఉంటుంది. పైగా వాడు మన మొహం చూశాడు.

అజ్ఞాత కిటికీ చేసేది ఆ మొదటి సగం పనే. తెరవగానే మీకు ఖాళీ జేబు ఇస్తుంది. పాత చీటీలేవీ ఉండవు గనక సైట్లకి మీరు కొత్త మనిషిలా కనిపిస్తారు. తిరిగినంతసేపు వచ్చిన కొత్త చీటీలన్నీ ఆ జేబులోనే పడతాయి. కిటికీ మూసెయ్యగానే జేబు దులిపేస్తుంది. మీరు వెళ్ళిన పేజీల పట్టిక రాసుకోదు. ఫారాల్లో నింపిన వివరాలు గుర్తుపెట్టుకోదు. అంతవరకు మాట తప్పదు, నిజాయితీగానే చేస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. కిటికీ మూసెయ్యడమంటే అజ్ఞాత కిటికీలన్నీ మూసెయ్యడం. నాలుగు తెరిచి మూడు మూస్తే జేబు దులపలేదన్నమాట. ఫోన్‌లో వేరే యాప్‌లోకి వెళ్ళిపోయినంత మాత్రాన అది మూసుకున్నట్టు కాదు. అదలాగే వెనకాల తెరుచుకుని ఉంటుంది, తర్వాత ఫోను తీసుకున్నవాళ్ళకి మీ పేజీ ఉన్నదున్నట్టు దర్శనమిస్తుంది. క్రోమ్‌లో ఈ ట్యాబులకి వేలిముద్ర తాళం వేసుకునే సెట్టింగు ఉంది. సఫారీ కూడా 2023 నుంచి తాళం వేస్తోంది. ఇంకొకటి. అజ్ఞాతంలో ఉండి దించుకున్న ఫైలు అజ్ఞాతంలోకి పోదు. డౌన్‌లోడ్స్‌లో భద్రంగా కూర్చుంటుంది. బుక్‌మార్కు పెట్టుకుంటే అదీ అంతే.

కిందటేడు ఒక సర్టిఫికెట్ కోసం మా ఊరి నెట్ సెంటర్‌కి వెళ్ళాను. నాకు చూపించిన కంప్యూటర్ ముందు కూర్చుంటే, అంతకుముందు కూర్చున్న మనిషి ఈమెయిల్ బార్లా తెరిచి ఉంది. చదవకూడదనుకుంటూనే కళ్ళు పడ్డాయి. బ్యాంకు స్టేట్‌మెంటు. ఎక్కడో ఉద్యోగానికి ఎంపిక కాలేదన్న కబురు. ఒక అప్పు కంపెనీ తాఖీదు. ముక్కూ మొహం తెలియని మనిషి కష్టం మొత్తం మూడు వరసల్లో చదివేశాను. లాగౌట్ చేసి, హిస్టరీ చెరిపి, నా పని చూసుకున్నాను. ఆ మనిషి మొదటే అజ్ఞాత కిటికీలో మెయిల్ తెరిచి, లేచేటప్పుడు మూసేసి ఉంటే నేను చూసేందుకు ఏమీ మిగిలేది కాదు.

జూన్, జూలైల్లో ఆ సెంటర్ల ముందు పిల్లలు బారులు తీరతారు. ఎంసెట్ కౌన్సెలింగ్. పేరు ఈఏపీసెట్ అని మార్చారుగాని జనం నోట్లో ఇంకా ఎంసెట్టే. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అని వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటారు. నాలుగేళ్ళ చదువు ఆ పాస్‌వర్డ్ మీద ఆధారపడి ఉంటుంది. పక్కన బ్రౌజరేమో "ఈ పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా" అని అడుగుతూనే ఉంటుంది, కంగారులో పిల్లలు సరే అని నొక్కేస్తారు. ఈ టాక్ వింటున్న తల్లిదండ్రులకి నా మనవి: మన సొంతం కాని కంప్యూటర్ ముందు కూర్చుంటే మొదట చెయ్యాల్సిన పని ఆ టోపీ బొమ్మ కిటికీ తెరవడం. దాని అసలు చోటు అదే. అయితే ఆ కంప్యూటర్‌లో మీటలు నొక్కిందల్లా రాసుకునే దొంగ ప్రోగ్రాము ఎవరైనా ఎక్కించి ఉంటే మాత్రం టోపీ కాపాడలేదు. అలాంటిచోట బ్యాంకు పని పెట్టుకోకపోవడమే మంచిది.

నెట్ సెంటర్ల మాట వచ్చింది గనక ఒక చిన్న ముచ్చట. 2011లో కేంద్ర ప్రభుత్వం సైబర్ కేఫ్‌లకి నియమాలు చేసింది. వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టర్ రాయాలి. ఎవరు ఏ సైట్లు చూశారో ఆ చిట్టా కనీసం ఏడాది దాచాలి. కుర్చీల మధ్య అడ్డుగోడలు కడితే వాటి ఎత్తు నాలుగున్నర అడుగులు దాటకూడదని కూడా రాశారు! అంటే బ్రౌజరు తన పుస్తకం చింపేసినా సెంటర్ పుస్తకం వేరే ఉండాలని చట్టమే చెబుతోంది. స్టాండువాడి దగ్గర రెండో సగం ఉంటుందన్నానే, అదిదే.

ఇందాక బాకీ ఉంచిన మాట చెబుతాను. ఇది చాటుమాటు మనుషుల వ్యవహారమంటే నాకెందుకు నచ్చదో.

మన ఇళ్ళల్లో చాలాచోట్ల ఫోను ఒక మనిషిది కాదు. పగలు అమ్మ దగ్గర, సాయంత్రం పిల్లల దగ్గర, రాత్రి నాన్న దగ్గర. ఆ ఇంట్లో రొమ్ములో గడ్డ తగిలి భయపడుతున్న ఇల్లాలు ఉందనుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఏమిటో చదువుకోవాలనుకుంటుంది. మర్నాడు హోంవర్క్ కోసం ఫోను తీసిన పిల్లవాడికి, రెండక్షరాలు కొట్టగానే ఆ మాటే వరసలో ముందుకొస్తుంది. మొగుడి తాగుడు మాన్పించే వైద్యం గురించి వెతికే ఆవిడ ఉంటుంది. గృహహింస చట్టం ఏమంటుందో, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే ఏమడుగుతారో తెలుసుకోవాలనుకునే ఆవిడ ఉంటుంది. పదిహేనేళ్ళ పిల్లకి ఎవరినీ అడగలేని సందేహాలుంటాయి. వీళ్ళెవరూ తప్పు చెయ్యడం లేదు. తలుపు దగ్గరగా వేసుకుంటున్నారు, అంతే. ఆ పాటి తలుపు అందరికీ కావాలి. నా దృష్టిలో ఈ సదుపాయం పుట్టినందుకు సార్థకత ఇక్కడే.

అయితే అలాంటి ఇంట్లో ఇంకో రెండు జాగ్రత్తలు చెప్పాలి. యూట్యూబ్ యాప్ వేరు, బ్రౌజరు వేరు. బ్రౌజరులో అజ్ఞాత కిటికీ తెరిచి, వీడియో యాప్‌లో చూస్తే ఆ యాప్ తన పుస్తకంలో రాసుకుంటుంది. దానికి దాని సొంత అజ్ఞాతం ఉంది, అది వేరుగా నొక్కుకోవాలి. రెండోది కొంచెం బాధాకరం. అనుమానం జబ్బు ఉన్న మనుషులు భార్య ఫోన్‌లో నిఘా యాప్‌లు ఎక్కిస్తారు. అవి తెరనే చూస్తాయి. అప్పుడు ఏ కిటికీ తెరిచినా ఒకటే. అలాంటి అనుమానముంటే నమ్మకమైన వాళ్ళ ఫోన్ నుంచి చూసుకోవాలి.

ఇంతవరకు ఇంటి లోపలి మాట. ఇక గుమ్మం దాటదాం. 2010లో స్టాన్‌ఫర్డ్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ కిటికీలన్నిటినీ విప్పి చూసి ఒక వ్యాసం రాశారు. వాళ్ళు మొదట చేసిన పని నాకు నచ్చింది. ఎవరి నుంచి దాచుకుంటున్నావు, అని ప్రశ్నను రెండుగా చీల్చారు. నీ తర్వాత నీ కంప్యూటర్ ముందు కూర్చునేవాడి నుంచా? నువ్వు చూసే వెబ్‌సైటు నుంచా? మొదటివాడి విషయంలోనే అక్కడక్కడా కంతలున్నాయని తేల్చారు, ముఖ్యంగా బ్రౌజర్‌కి మనం తగిలించుకునే అదనపు ప్రోగ్రాముల వల్ల. రెండోవాడి విషయంలో రక్షణ చాలా పలచన. మా మేనకోడల్ని నేను అడిగిన ప్రశ్న ఇదే గదా అని ఆ వ్యాసం మళ్ళీ చూసినప్పుడు మురిసిపోయాను. ఆ పిల్ల చిక్కు ఏమిటంటే, తను దాచుకోవాల్సిన మూడోవాడు ఈ ఇద్దరిలోనూ లేడు. వాడు దారిలో ఉన్నాడు.

మీ ఫోన్ నుంచి బయల్దేరిన ప్రతి అభ్యర్థనా ఎవరిదో ఒకరి తీగ మీదుగానో, టవరు మీదుగానో వెళ్ళాలి. ఇంట్లో అయితే కేబుల్ కంపెనీయో మొబైల్ కంపెనీయో. కాలేజీలో అయితే కాలేజీ వైఫై. ఇప్పుడు చాలా సైట్లు తాళం వేసిన కవర్లలోనే మాట్లాడతాయి గనక లోపలి ఉత్తరం దారిలోవాడికి కనిపించదు. కవరు మీద చిరునామా కనిపిస్తుంది. మీరు ఫలానా ఆసుపత్రి సైటుకి వెళ్ళారని తెలుస్తుంది, అందులో ఏ జబ్బు పేజీ చదివారో తెలియదు. అజ్ఞాత కిటికీలో పంపినా అదే కవరు, అదే చిరునామా. మన దేశంలో టెలికాం కంపెనీలు ఇలాంటి రికార్డులు కనీసం 2 ఏళ్ళు దాచాలని లైసెన్సు నిబంధనల్లోనే ఉంది.

ఇక ఆఫీసు ల్యాప్‌టాప్ సంగతి ఇంకో మెట్టు పైన. అక్కడ కంప్యూటరే కంపెనీది. కావాలనుకుంటే దారిలో కవరు విప్పి చూసి మళ్ళీ అంటించే ఏర్పాటు చేసుకోగలదు, ఎందుకంటే తాళంచెవి పెట్టింది కూడా తనే. తెరమీద ఏం జరుగుతోందో చూసే ప్రోగ్రాములు పెట్టుకోగలదు. అసలు క్రోమ్‌లో అజ్ఞాత కిటికీయే తెరుచుకోకుండా చేసే వీలు కంపెనీలకుంది. ఇదంతా చెప్పేసరికి మా పిల్ల మొహంలో రంగులు మారాయి. "మరి వాళ్ళు ఆ కిటికీ తియ్యకుండా ఉంచారు కదా మామయ్యా?" అంది. తియ్యాల్సిన అవసరం వాళ్ళకి కనిపించి ఉండదు అన్నాను.

ఇంకో గొయ్యి ఉంది, అందులో చదువుకున్నవాళ్ళే ఎక్కువ పడతారు. అజ్ఞాత కిటికీ తెరుస్తారు. తెరిచి, తమ గూగుల్ ఖాతాలోకి లాగిన్ అవుతారు! మారువేషం వేసుకుని వెళ్ళి గుమ్మంలో విజిటింగ్ కార్డు ఇచ్చినట్టు. లాగిన్ అయ్యాక మీరు వెతికింది మీ ఖాతా చరిత్రలో మామూలుగానే చేరొచ్చు. 2018లో షికాగో, హానోవర్ విశ్వవిద్యాలయాల వాళ్ళు 460 మందిని పరీక్షించారు. కిటికీ తెరిచినప్పుడు కనిపించే వివరణ చదివించి మరీ అడిగారు. అయినా సగానికి పైగా జనం, ఖాతాలోకి లాగిన్ అయి ఉన్నా వెతికినవి నమోదు కావనే అనుకున్నారు. వైరస్‌ల నుంచి కూడా కాపాడుతుందని నమ్మినవాళ్ళు నాలుగో వంతు దాటారు. జనాన్ని తప్పుపట్టే ముందు ఆ టోపీనీ కళ్ళజోడునీ ఒకసారి తలుచుకోండి. గూఢచారి బొమ్మ పెట్టి, అజ్ఞాతం అని పేరు పెట్టి, కింద సన్న అక్షరాల్లో "మీ కంపెనీకీ, వెబ్‌సైట్లకీ కనిపించొచ్చు" అని రాస్తే ఎవరు ఏది నమ్ముతారు?

ఈ ప్రశ్న అమెరికాలో కోర్టుకెక్కింది. 2020 జూన్‌లో కాలిఫోర్నియాలో కొందరు గూగుల్ మీద దావా వేశారు. అజ్ఞాత కిటికీలో ఉన్నప్పుడు కూడా, వేరేవాళ్ళ సైట్లలో అమర్చిన గూగుల్ లెక్కల ప్రోగ్రాములూ, ప్రకటనల ప్రోగ్రాములూ తమ రాకపోకలు రాసుకున్నాయన్నది అభియోగం. మళ్ళీ మన సైకిల్ స్టాండుకే వద్దాం. ఊళ్ళో హాళ్ళు వేరువేరు యజమానులవి. కాని అన్ని స్టాండ్లూ ఒకే కాంట్రాక్టరు పాట పాడుకున్నాడు. మీరు మ్యాట్నీ ఎక్కడ చూశారో, సెకండ్ షో ఎక్కడ చూశారో ఏ ఒక్క హాలు యజమానికీ తెలీదు, ఆ కాంట్రాక్టరుకి తెలుసు. దావా వేసినవాళ్ళు అడిగింది కనీసం 500 కోట్ల డాలర్లు.

సైట్లకి కనిపించొచ్చని ముందే చెప్పాం కదా, అన్నది గూగుల్ వాదన. 'సైట్లకి' అన్నారు సరే, 'మాకు' అని ఎక్కడ చెప్పారు, అన్నది ఎదుటివాళ్ళ వాదన. 2023 ఆగస్టులో న్యాయమూర్తి కేసు కొట్టెయ్యడానికి నిరాకరించారు. ఈలోగా సంస్థ లోపలి ఉత్తరప్రత్యుత్తరాలు కోర్టు కాగితాల్లో బయటపడ్డాయి. 2018లోనే ఒక ఇంజనీరు, ఆ పేరు మానేద్దాం, ఆ గూఢచారి బొమ్మ తీసేద్దాం అని తోటివాళ్ళతో అన్నాడట. లోపలివాళ్ళకే నవ్వులాటగా ఉన్న సంగతి బయటివాళ్ళకి మాత్రం భరోసాగా అమ్ముడుపోయింది. ఈ కథలో నాకు కోపం తెప్పించే ఘట్టం ఇదొక్కటే.

2023 డిసెంబరులో రాజీకొచ్చారు, 2024 ఏప్రిల్లో షరతులు బయటికొచ్చాయి. అలా పోగైన వందల కోట్ల రికార్డులు నాశనం చెయ్యడానికో, ఎవరివో పోల్చుకోలేనట్టు మార్చడానికో గూగుల్ ఒప్పుకుంది. అజ్ఞాత కిటికీలో ఇతరుల కుకీలకి 5 ఏళ్ళపాటు అడ్డు ఉంచుతానంది. వాడకందార్లకి మొత్తంగా పరిహారం మాత్రం ఏమీ లేదు, కావలసినవాళ్ళు విడివిడిగా దావాలు వేసుకోవచ్చు. కిటికీ తెరిచినప్పుడు కనిపించే వాక్యాన్ని కూడా మార్చారు. వెబ్‌సైట్లు మీ సమాచారం సేకరించే తీరు దీనివల్ల మారదని, ఆ సేకరించేవాళ్ళలో గూగుల్ కూడా ఉందని ఇప్పుడు అందులోనే ఒప్పుకుంటున్నారు. టోపీ, కళ్ళజోడు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

కుకీలకి అడ్డు పెడితే ఇక సైటుకి మనం పూర్తిగా కొత్తవాళ్ళమేనా? ఇక్కడే పాండవుల దగ్గరికి వెళ్ళాలి. ఆ తెలుగు అనువాదకుడెవరో "అజ్ఞాత" అని పెట్టి తెలియకుండానే చాలా గట్టి మాట వాడాడు. పాండవులు పన్నెండేళ్ళ అరణ్యవాసం తర్వాత ఒక ఏడాది ఎవరికీ దొరక్కుండా గడపాలి. విరాటరాజు కొలువులో పేర్లు మార్చుకున్నారు, వేషాలు మార్చుకున్నారు, ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచేశారు. మన భాషలో చెప్పాలంటే కుకీలన్నీ చెరిపేసుకున్నారు. హస్తినాపురంలో భీష్ముడు ఏమన్నాడు? మనుషుల్ని వెతక్కండి, ధర్మరాజు ఉన్నచోట వానలు సకాలంలో పడతాయి, పంటలు పండుతాయి, గోవులు సమృద్ధిగా పాలిస్తాయి, అలాంటి దేశమేదో చూడండి అన్నాడు. కీచకుడు రాత్రికి రాత్రి చచ్చిపడ్డాడన్న వార్త రానే వచ్చింది. అంతటివాణ్ణి వట్టి చేతుల్తో చంపగలవాళ్ళు ఎందరున్నారు? వేషం మారింది గాని భుజబలం మారలేదు.

బ్రౌజర్లకీ అలాంటి భుజబలం ఒకటుంది. మీ తెర వెడల్పు, మీ ఫోన్ మోడల్, అందులో ఉన్న అక్షరాల ఫాంట్లు, మీ భాష, మీ టైమ్‌జోన్, బొమ్మలు గీసే తీరు. ఇవన్నీ సైటు అడిగితే బ్రౌజరు చెప్పేస్తుంది, పేజీ సరిగ్గా కనపడాలంటే కొన్ని చెప్పక తప్పదు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ లక్షలమందికి ఉండేదే. అన్నీ కలిపి చూస్తే మనిషి ఒంటరైపోతాడు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ 2010లో 4,70,161 బ్రౌజర్ల మీద ప్రయోగం చేసి చూస్తే, వాటిలో 83.6 శాతం అచ్చు అలాంటిది ఇంకోటి లేకుండా తేలాయి. అప్పటికీ ఇప్పటికీ బ్రౌజర్లు మారాయి, సఫారీ, ఫైర్‌ఫాక్స్ లాంటివి ఈ గుర్తుల్ని కొంత మసకబారుస్తున్నాయి. కాని కిటికీ నల్లబడినంత మాత్రాన మీ తెర వెడల్పు మారదు కదా.

మధ్యలో ఒక చిన్న మాట. కొడుకో కూతురో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తల్లిదండ్రులు విమానం టికెట్లు చూసేటప్పుడు, అజ్ఞాతంలో చూడకపోతే రేటు పెంచేస్తారని ఒకరికొకరు చెప్పుకుంటారు. అసలు సంగతి వేరు. ఒకే విమానంలో ఒకే తరగతి సీట్లని రకరకాల ధరల కట్టలుగా అమ్ముతారు. చవక కట్ట అయిపోతే పై కట్టకి పోతుంది. మీరు టీ తాగొచ్చేలోపు రేటు మారడానికి సాధారణంగా కారణం అది. ముందే కొనండి, టోపీ పెట్టుకుని లాభం లేదు.

సరే, దారిలోవాడి నుంచి కూడా దాచుకోవాలంటే? వీపీఎన్ అంటారు. మీ కవర్లన్నీ ఇంకో పెద్ద కవర్లో పెట్టి వేరే కంపెనీకి పంపిస్తారు, వాళ్ళు విప్పి పంచుతారు. మొబైల్ కంపెనీకి కనిపించని చిరునామాలు ఇప్పుడు వాళ్ళకి కనిపిస్తాయి. నమ్మకాన్ని ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకి మార్చారన్నమాట. ఉచితంగా ఇచ్చే వీపీఎన్ కొట్టు ఎలా నడుస్తుందో ఆలోచించుకోవాలి. కంప్యూటర్ల భద్రత చూసే మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్లో, వీపీఎన్ కంపెనీలు చందాదార్ల వివరాలు 5 ఏళ్ళు ఉంచాలని ఆదేశించింది. దాంతో కొన్ని విదేశీ కంపెనీలు మన దేశంలోని సర్వర్లు ఎత్తేసుకుని వెళ్ళిపోయాయి. అంతకంటే గట్టిది టార్ బ్రౌజరు. మూడు మజిలీల మీదుగా తిప్పుతుంది, ఏ మజిలీవాడికీ మొదలూ చివరా రెండూ తెలియవు. అందరి బ్రౌజర్లూ ఒకేలా కనిపించేట్టు చూస్తుంది కూడా. అమెరికా నౌకాదళ పరిశోధనాశాలలో పుట్టిన ఆలోచన అది. పాత్రికేయులకి, ప్రాణభయం ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. నెమ్మదిగా నడుస్తుంది గనక మనబోటివాళ్ళం రోజూ వాడలేం.

మనకి రోజూ పనికొచ్చేది ఇంకా మామూలుది. నల్ల కిటికీ కాకుండా, మామూలు కిటికీలోనే సెట్టింగుల్లోకి వెళ్ళి ఇతర సైట్ల కుకీలని ఆపెయ్యడం. ఫైర్‌ఫాక్స్, సఫారీ ఆ పని చెప్పకుండానే చాలావరకు చేస్తాయి. గూగుల్ ఖాతాలో "నా కార్యకలాపం" తెరిచి పాతవి తనంతట తానే చెరిగిపోయే గడువు పెట్టుకోవడం. టార్చిలైటు యాప్ కాంటాక్టులు అడిగితే ఇవ్వకపోవడం. ఇది ముఖ్యం. ఫోన్లో యాప్‌లకి మీ అజ్ఞాత కిటికీతో నిమిత్తమే లేదు. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టుల్లో ఉన్న చుట్టపక్కాలందరికీ ఫోన్లు చేసి పరువు తీసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో మనం విన్నాం. ఆ బాధితుల్లో ఎవరూ కిటికీ తెరవడం మరిచిపోయినవాళ్ళు కాదు. "అనుమతించు" అని నొక్కినవాళ్ళు.

మా మేనకోడలి సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వెతకడం ఆ రోజే మానేసింది. సొంత ఫోను, సొంత డేటా. మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసు గేటు అవతల టీ కొట్టు దగ్గర నిలబడి అప్లికేషన్లు పెట్టింది. రెండు నెలల్లో ఒకచోట ఇంటర్వ్యూకి పిలిచారు. ఒక బుధవారం పొద్దున ఇంటర్వ్యూ ముగించుకుని, ఏమీ ఎరగనట్టు పదకొండింటికి ఆఫీసుకొచ్చి కూర్చుంది. మేనేజరు కుర్చీ ఇటు తిప్పి, "ఎలా జరిగింది ఇంటర్వ్యూ?" అని అడిగాడట.

బిత్తరపోయి నాకు ఫోన్ చేసింది. "మామయ్యా, ఒక్క క్లిక్ కూడా ఇక్కడ చెయ్యలేదు. ఎలా తెలిసిందంటావు?"

"ఆ రోజు ఏం కట్టుకెళ్ళావు తల్లీ?" అన్నాను.

కాసేపు అవతల నుంచి చప్పుడు లేదు. తర్వాత మెల్లగా అంది: "ఇస్త్రీ చేసిన కాటన్ చీర."